పిల్లల పలువరుస: ఎప్పుడు చూపించాలి, ఎప్పుడు ఆగాలి?

ఈ నెల వైద్య సలహాల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం పిల్లల పళ్ల గురించే. పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు వచ్చే ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య కాలం తల్లిదండ్రులను ఎంతగా కలవరపెడుతుందో వాటిని చదివితే తెలుస్తుంది. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, రాసినవారి వివరాలు తీసివేసి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకు ఏడున్నరేళ్లు. పై ముందుపళ్లు రెండూ వచ్చాయి కానీ వాటి మధ్య స్పష్టంగా సందు కనిపిస్తోంది. వాటి పక్కన వస్తున్న పళ్లు బయటి వైపు వాలి ఉన్నాయి. మా అత్తగారు ఇప్పుడే క్లిప్పులు పెట్టించమంటున్నారు. మా వారేమో పన్నెండేళ్లు వచ్చేదాకా డాక్టరు దగ్గరికే వెళ్లనక్కర్లేదంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉందమ్మా. బాబును చూపించడానికి ఇదే సరైన వయసు. క్లిప్పులు పెట్టడానికి మాత్రం, నూటికి ఎక్కువమంది పిల్లల విషయంలో, ఇది వయసు కాదు. పలువరుస పరీక్షను ఏడేళ్లు దాటకముందే ఒకసారి చేయించమని ఆర్థోడాంటిస్టుల (పలువరుసను సరిచేసే దంతవైద్యుల) సంఘమైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ సూచిస్తుంది. ఆ వయసుకు వెనక మొదటి శాశ్వత దవడపళ్లు, ముందు కొన్ని శాశ్వత దంతాలు వచ్చి ఉంటాయి కాబట్టి, రెండు దవడలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో, రాబోయే పళ్లకు చోటు ఉందో లేదో అంచనా వేయడానికి వీలవుతుంది. పరీక్ష చేయించినంత మాత్రాన చికిత్స మొదలుపెట్టాలని లేదు. ఆ వయసులో వచ్చిన పిల్లల్లో చాలామందికి నేను చెప్పేది ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ తీసుకురమ్మనే.

ఇక ఆ సందు సంగతి. పై కోరపళ్లు పుట్టేది ఎముకలో చాలా ఎత్తున, దాదాపు ముక్కు పక్కన. అవి కిందికి దిగే దారిలో ముందుపళ్ల వేర్లను లోపలికి నొక్కుతాయి. వేర్లు లోపలికి చేరేసరికి పైకి కనిపించే భాగాలు బయటికి వాలి, మధ్యలో సందు పడుతుంది. ఈ దశను 1937లో బ్రాడ్‌బెంట్ అనే అమెరికన్ ఆర్థోడాంటిస్టు వర్ణించారు. పదకొండు, పన్నెండేళ్లకు కోరపళ్లు దిగి తమ చోటుకు చేరేటప్పుడు ఆ వాలు తగ్గి, సందు చాలావరకు దానంతట అదే మూసుకుంటుంది. చూడటానికి బాగాలేదని ఈలోపు క్లిప్పులు వేసి పళ్లను బలవంతంగా దగ్గరికి లాగితే, దిగి వస్తున్న కోరపళ్లకు పక్కపళ్ల వేర్లు తగిలి అరిగిపోయే ప్రమాదం ఉంటుంది. అందువల్ల ఇక్కడ ఓపిక పట్టడమే వైద్యం.

అయితే సందు 2 మిల్లీమీటర్ల కంటే బాగా ఎక్కువగా ఉంటే అది పూర్తిగా మూసుకోకపోవచ్చు. రెండు పళ్ల మధ్య ఎముకలో అదనపు పన్ను ఒకటి దాగి ఉండవచ్చు, పక్కపన్ను పుట్టుకతోనే లేకపోవచ్చు, పై పెదవిని చిగురుకు కలిపే మడత మందంగా ఉండవచ్చు. ఒక వైపు ముందుపన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండో వైపు పన్ను జాడ లేకపోతే మాత్రం ఎదురుచూడకుండా ఎక్స్‌రే తీయించాలి. పెదవి మడతను కత్తిరించమని ఎవరైనా తొందరపెడితే, కోరపళ్లు వచ్చేదాకా ఆగవచ్చా అని అడగండి. సాధారణంగా ఆగవచ్చు.

ప్రశ్న: ఆరేళ్ల మా పాపకు కింది పాలపళ్లు ఊడకముందే వాటి వెనక, నాలుక వైపు, కొత్త పళ్లు రెండు పొడుచుకొచ్చాయి. రెండు వరుసల పళ్లు చూసి అందరం భయపడ్డాం. వెంటనే పీకించాలా?

జవాబు: భయపడాల్సిన పని లేదు, ఇది ఎంతో మామూలుగా కనిపించే విషయం. కింది శాశ్వత ముందుపళ్ల మొగ్గలు పాలపళ్ల వేర్లకు నాలుక వైపునే ఉంటాయి. పైకి వస్తూ ఆ వేర్లను కరిగించుకుంటూ రావాలి. ఒక్కోసారి వేరు సరిగా కరగకుండానే కొత్తది పక్కదారిన బయటపడుతుంది. పాలపన్ను కదులుతుంటే శుభ్రమైన వేలితో, నాలుకతో పాపనే రోజూ కదిలించుకోమనండి. అది ఊడిన తరువాత, చోటు ఉంటే, నాలుక ఒత్తిడికి కొత్త పన్ను కొద్ది నెలల్లో ముందుకు జరుగుతుంది. కొత్త పన్ను సగానికి పైగా వచ్చినా పాలపన్ను ఏమాత్రం కదలకుండా గట్టిగా ఉంటేనే దాన్ని తీయించే ఆలోచన చేయాలి. పై పళ్లలో మాత్రం ఇంత ఉదారంగా ఉండకూడదు. పై కొత్త పన్ను పాలపన్ను వెనక నుంచి వస్తే నోరు మూసినప్పుడు కింది పళ్ల వెనక ఇరుక్కుపోతుంది, ఇక తనంత తాను బయటికి రాలేదు. కాబట్టి పై పళ్లలో ఇలా కనిపిస్తే త్వరగా చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. వెనక పాలపన్ను ఒకటి బాగా పుచ్చిపోయింది. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, వైద్యం ఎందుకు, తీయించేస్తే సరిపోతుంది కదా అని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ఈ మాట నేను వినని వారం ఉండదు. పలువరుస చెడిపోవడానికి మనం చేజేతులా కల్పించే కారణాల్లో దీన్నే ముందు చెప్పాలి. ముందు పాలపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. కానీ చివరి పాలదవడ పన్ను పదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాల్సిన పన్ను. ఐదేళ్లకే అది పోతే మరో ఐదారేళ్లు ఆ చోటును కాపాడేవారు ఉండరు.

ఆ చోటుకు అంత విలువ ఎందుకంటే, ఆరేళ్లప్పుడు చివరి పాలపన్నుకు వెనక మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది వచ్చేటప్పుడు పాలపన్ను వెనక గోడను ఆనుకుని తన స్థానానికి చేరుతుంది. ఆ గోడే లేకపోతే ముందుకు జరిగి, వాలి, ఖాళీని ఆక్రమిస్తుంది. తరువాత రావాల్సిన పన్ను కింద ఇరుక్కుపోతుంది, లేదా చిగురు పక్క నుంచి బయటపడుతుంది. శాశ్వత దవడపన్ను రాకముందే పాలపన్ను పోవడం, అంటే సరిగ్గా మీ అబ్బాయి వయసులో పోవడం, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. పాల కోరపన్ను, దాని వెనక రెండు పాలదవడ పళ్లు, ఈ మూడింటి మొత్తం వెడల్పు వాటి స్థానంలో వచ్చే మూడు శాశ్వత దంతాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. ఆ మిగులు పై దవడలో ఒక్కో వైపు సుమారు 0.9 మిల్లీమీటర్లు, కింది దవడలో సుమారు 1.7 మిల్లీమీటర్లు. వినడానికి స్వల్పమే. కానీ పెద్ద పళ్లు సర్దుకోవడానికి దవడకు అదే ఆసరా. రెండు పాలపళ్ల మధ్య పుచ్చు పట్టి పక్కగోడలు కూలినా, పన్ను ఊడకుండానే ఈ మిగులు కొంత కరిగిపోతుంది.

కనుక ముందు పన్నును నిలబెట్టే ప్రయత్నమే చేయాలి. పుచ్చు లోతును బట్టి సిమెంటు నింపడం, నరం దాకా వెళ్తే దానికి తగిన చికిత్స చేసి పైన స్టీలు తొడుగు వేయడం జరుగుతుంది. ఏ విధంగానూ నిలవదని తేలి తీసేయాల్సి వస్తే, ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ అవసరమా అని అదే రోజు అడగండి. పక్క పన్నుకు ఒక లోహపు పట్టీ, దాని నుంచి ఖాళీ మీదుగా సాగే తీగ వలయం, అంతే దాని నిర్మాణం. మీ అబ్బాయికి వెనక ఆనడానికి పన్ను ఇంకా రాలేదు కాబట్టి కొంత వేరే రకం కావలసి రావచ్చు. పెట్టించి మరచిపోవడానికి మాత్రం వీల్లేదు. పట్టీ కింద సిమెంటు కరిగితే ఆ పన్నూ పుచ్చుతుంది. కింద నుంచి కొత్త పన్ను వస్తున్నప్పుడు దాన్ని తీసేయాలి. కొత్త పన్ను కొద్ది నెలల్లో వచ్చేలా ఉంటే అసలు పెట్టనక్కర్లేదు.

పుచ్చు రాకుండా చూసుకోవడం గురించి రెండు మాటలు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రిపూట బ్రష్ మీ చేతిలోనే ఉండాలి. ఆరేళ్లకు వచ్చిన శాశ్వత దవడపన్ను పైన లోతైన గాడులు ఉంటే సీలెంట్ అనే పలచటి రక్షణ పూతతో పూడ్పించండి.

ప్రశ్న: ఐదేళ్లు దాటినా మా అమ్మాయి నిద్రపోయేటప్పుడు బొటనవేలు చప్పరించడం మానలేదు. వెనక పళ్లు కలిసినా ముందుపళ్లు కలవడం లేదు. వేలికి చేదు రాసినా లాభం లేకపోయింది.

జవాబు: రెండు మూడేళ్లలోపు పిల్లలు వేలు చప్పరించడం సహజం, దాన్ని మాన్పించాలని పోరాడనక్కర్లేదు. నాలుగేళ్లు దాటి కొనసాగితే పళ్ల మీద, అంగిలి మీద దాని గుర్తులు పడతాయి. వేలు అడ్డంగా ఉండటం వల్ల ముందుపళ్లు పూర్తిగా దిగలేవు, పై పళ్లు ముందుకు తోసుకొస్తాయి. నాలుక అంగిలికి ఆనకుండా కిందే ఉండిపోవడం, బుగ్గలు లోపలికి నొక్కడం వల్ల పై దవడ ఇరుకవుతుంది. పగలు ఎప్పుడైనా ఒక నిమిషం చప్పరించే పిల్లల కంటే రాత్రంతా వేలు నోట్లోనే ఉంచుకునే పిల్లల్లో ఈ మార్పులు ఎక్కువ. గట్టిగా చప్పరించడం కంటే ఎంతసేపు చప్పరిస్తున్నారన్నదే ముఖ్యం.

మీకు ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, శాశ్వత ముందుపళ్లు రాకముందే అలవాటు మానితే ముందుపళ్ల మధ్య ఖాళీ చాలావరకు తనంత తానే సర్దుకుంటుంది. పై దవడ ఇరుకైపోయి వెనక పళ్లు అడ్డంగా కలుస్తుంటే మాత్రం అది అలవాటు మానినా పోకపోవచ్చు. అందుకని ఒకసారి చూపించండి.

చేదు రాయడం, నలుగురిలో వెక్కిరించడం, చేతిని కట్టేయడం నాకు నచ్చని పద్ధతులు. పిల్లకు మానాలని ఉంటేనే ఏ ఉపాయమైనా పని చేస్తుంది. అద్దం ముందు కూర్చోబెట్టి ముందుపళ్ల మధ్య ఖాళీని తననే చూడనివ్వండి. మానిన రాత్రులకు గోడ క్యాలెండర్ మీద తన చేత్తోనే గుర్తు పెట్టించండి. పడుకునేటప్పుడు పలచటి మేజోడు చేతికి తొడిగితే నిద్రలో వేలు నోటిదాకా వెళ్లినా ఆ స్పర్శ తేడాగా ఉండి గుర్తు చేస్తుంది, అయితే అది శిక్ష కాదని పాపకు తెలియాలి. ఇవన్నీ చేసి, తాను కోరుకుని కూడా మానలేకపోతే, ఆరేళ్ల ప్రాంతంలో అంగిలికి అమర్చే చిన్న తీగ అడ్డు ఉపయోగపడుతుంది. పాప నోరు తెరిచి నిద్రపోతుంటే, గురక పెడుతుంటే ముక్కు, చెవి, గొంతు వైద్యుడికి కూడా చూపించండి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండలు వాచి గాలి ఆడకపోతే దంతవైద్యం ఒక్కటే చాలదు.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాపకు నోరు మూసినప్పుడు కింది ముందుపళ్లు పై పళ్ల కంటే ముందుకు వస్తున్నాయి. వెంటనే చికిత్స మొదలుపెట్టాలని ఆర్థోడాంటిస్టు అన్నారు. మా అక్కయ్య కొడుకుకు కూడా ఎనిమిదేళ్లే, పై పళ్లు బాగా ఎత్తుగా ఉన్నాయి. అదే డాక్టరు గారు వాడిని మూడు నాలుగేళ్లు ఆగి తీసుకురమ్మన్నారు. ఒకే వయసు పిల్లలకు రెండు రకాల సలహాలు ఎందుకు?

జవాబు: ఆ డాక్టరు గారు సరిగ్గానే చెప్పారు. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే చిన్న వయసు చికిత్సలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది. వేచి ఉంటే నష్టం పెరిగే లోపాలు కొన్ని, వేచి ఉన్నా అంతే బాగా నయమయ్యేవి కొన్ని. వయసు చూసి కాక, లోపం ఏ కోవకు చెందిందో చూసి నిర్ణయించాలి.

మీ పాపది మొదటి కోవ. పై పన్ను కింది పన్ను వెనక చిక్కుకుంటే, నమిలే ప్రతిసారీ కింది పన్ను ముందుకు తోయబడి దాని చిగురు జారిపోతుంది, పళ్ల అంచులు అరుగుతాయి. దవడ ఆ అడ్డును తప్పించుకోవడానికి ముందుకో, పక్కకో జరిగి మూసుకోవడం అలవాటు చేసుకుంటుంది. ఎదిగే ఎముక ఏళ్ల తరబడి అలా మూసుకుంటే ముఖం ఒక వైపుకు ఒదిగి పెరగవచ్చు. ఇంట్లోనే మీరు దీన్ని గమనించవచ్చు. పాపను నిటారుగా కూర్చోబెట్టి, నోరు కొంచెం తెరిపించి, తొందరపడకుండా నెమ్మదిగా మూయమనండి. పళ్లు మొదట తాకే క్షణంలో పై ముందుపళ్ల మధ్య గీత, కింది ముందుపళ్ల మధ్య గీత ఒకే నిలువులో ఉండి, పూర్తిగా కొరికేసరికి కింది గీత పక్కకు తప్పుకుంటే, దవడ జరుగుతోందన్నమాట. అలాగే గడ్డాన్ని కాస్త వెనక్కి లాగి మూసినప్పుడు ముందుపళ్ల అంచులు ఒకదానికొకటి తాకగలిగితే లోపం ఎక్కువగా పళ్లదే, కొద్ది నెలల్లో సరిచేయవచ్చు. తాకలేకపోతే దవడ ఎముకల పెరుగుదలలోనే తేడా ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ముఖానికి తగిలించుకునే ఫేస్‌మాస్క్‌తో పై దవడను ముందుకు లాగే చికిత్స చేస్తారు. ఎముకల అతుకులు ఇంకా బిగుసుకోని పదేళ్లలోపు వయసులో దానికి స్పందన బాగుంటుంది. ఇరుకైన అంగిలిని వెడల్పు చేసే పరికరం విషయంలోనూ అంతే. కింది దవడ యుక్తవయసులో మళ్లీ ముందుకు పెరగవచ్చు కాబట్టి ఇప్పుడు నయమైనా ఎదుగుదల ఆగేదాకా పరీక్షలు తప్పవు. వంశంలో ఎవరికైనా ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం ఉంటే డాక్టరు గారికి తప్పక చెప్పండి.

మీ అక్కయ్య గారి అబ్బాయిది రెండో కోవ. ఎత్తుపళ్ల మీద జరిగిన పరిశోధనలను, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2013లోనూ, మళ్లీ 2018లోనూ సమీక్షించింది. చిన్నప్పుడు ఒక విడత, కౌమారంలో మరో విడత చికిత్స చేసినా, కౌమారంలో ఒకే విడతలో చేసినా చివరి ఫలితం దాదాపు ఒకటేనని, ముందుగా చేసిన పిల్లల్లో ముందుపళ్లకు దెబ్బలు తగలడం తగ్గడమే ప్రధానమైన లాభమని తేలింది. రెండు విడతలంటే పిల్లవాడికి ఎక్కువ కాలం, ఎక్కువ ఖర్చు, ఎక్కువ విసుగు. కనుక ఆగమనడంలో తప్పు లేదు. అయితే ఇందులో ఒక మినహాయింపు ఉంది. పై పెదవి పళ్లను కప్పలేనంత ఎత్తుగా ఉండి, పిల్లవాడు రోజూ ఆటల్లో పడిపోయే రకమైతే, లేదా తోటిపిల్లల ఎగతాళికి బడికే వెళ్లనంటుంటే, నేనైతే ఆగను. ఆగినన్నాళ్లూ ఆటల్లో నోటికి రక్షణ కవచం పెట్టించండి. ఒకవేళ దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడి చేతికొస్తే, వేరును ముట్టుకోకుండా పన్ను పై భాగాన్ని పట్టుకుని, మట్టి ఉంటే క్షణకాలం కడిగి, వెంటనే దాని గుంటలోనే పెట్టాలి. అది కుదరకపోతే పాలలో వేసి గంటలోపు దంతవైద్యుడి దగ్గరికి చేరాలి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు.

ప్రశ్న: మా పెద్దమ్మాయికి పదకొండేళ్లు నిండాయి. పై కోరపన్ను ఒక వైపు వచ్చింది, రెండో వైపు పాల కోరపన్ను ఇంకా గట్టిగానే ఉంది. ఎదురుచూడవచ్చా?

జవాబు: వద్దు. ఈ నెల ఉత్తరాలన్నిటిలో నేను తొందరపెట్టేది మిమ్మల్నే. పదేళ్ల వయసులో పాల కోరపన్ను పైన, పెదవి వైపు చిగురు మీద వేలితో నొక్కి చూస్తే కొత్త పన్ను ఉబ్బు చేతికి తగలాలి. తగలకపోతే, లేదా ఒక వైపు తగిలి మరో వైపు తగలకపోతే, కోరపన్ను దారి తప్పి అంగిలి వైపు వెళ్తుండవచ్చు. అలా వెళ్లిన పన్ను ఏ నొప్పీ తెలియనివ్వకుండా ముందుపళ్ల వేర్లను తినేయగలదు. అంగిలి వైపు మళ్లిన కోరపళ్లను ఎరిక్సన్, కురోల్ అనే స్వీడన్ వైద్యులు పరిశీలించి 1988లో ప్రచురించిన ఫలితాల్లో, తగిన సమయంలో పాల కోరపన్నును తీసేస్తే 78 శాతం కోరపళ్లు సరైన దారికి వచ్చాయి. ఒక్క పాలపన్ను తీసే పనితో తీరేది, రెండు మూడేళ్లు ఆలస్యమైతే చిగురు కోసి, పన్నుకు గొలుసు కట్టి కిందికి లాగే పనిగా మారుతుంది. ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: క్లిప్పులు పెడితే పళ్లు వదులై, పెద్దయ్యాక త్వరగా ఊడిపోతాయని విన్నాం. నిజమేనా? మా పన్నెండేళ్ల బాబుకు వచ్చే నెల పెట్టబోతున్నారు.

జవాబు: నిజం కాదు, అయితే ఆ భయం పుట్టడానికి ఆధారం ఉంది. తీగ ఒత్తిడికి పన్ను ఏ వైపు కదలాలో ఆ వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ పని జరుగుతున్నంత కాలం పళ్లు కొంచెం కదులుతున్నట్టు ఉంటాయి, చికిత్స ముగిశాక బిగుసుకుంటాయి. వేర్ల చివరలు స్వల్పంగా అరగడం చాలామందిలో ఉంటుంది కానీ దానివల్ల ఇబ్బంది కలగడం అరుదు.

అసలు నష్టం పాచి వల్ల జరుగుతుంది. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే కొద్ది వారాల్లోనే పంటి పైపొర అయిన పింగాణీ మీద సున్నపు మరకల్లాంటి తెల్లని మచ్చలు పడతాయి, క్లిప్పులు తీశాక చూస్తే పలువరుస తిన్నగా ఉంటుంది, పళ్ల మీద మాత్రం చతురస్రాకారపు మచ్చలు మిగులుతాయి. అందుకే పుచ్చులు బాగుచేయించి, బ్రష్ చేయడం అలవాటైందని నమ్మకం కుదిరాకే క్లిప్పులు పెట్టించండి. నెల ఆలస్యమైనా ఫరవాలేదు. చికిత్స తరువాత పళ్లను కొత్త స్థానంలో నిలిపి ఉంచే రిటెయినర్ ఎంతకాలం పెట్టుకోవాలో మొదటి రోజే బాబు సమక్షంలో అడగండి. ఆ కాలం క్లిప్పులు ఉన్న కాలం కంటే ఎక్కువగానే ఉంటుందని, పళ్లు పాత స్థానానికి జరగడానికి ఎప్పుడూ చూస్తూనే ఉంటాయని వాడికి ముందే తెలిసి ఉంటే, రెండేళ్ల శ్రమ తరువాత ఆ రిటెయినర్‌ను బల్ల సొరుగులో పడేసి మరచిపోయే అవకాశం తగ్గుతుంది.